సొంత పుస్తకం, సొంత కారణం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం, నోటుపుస్తకాలు పంచుతున్నాం. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయే పిల్లవాణ్ణి కాలేజీ గేటు దాటించడం చిన్న పని కాదు. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. అయితే బడుల్లో పనిచేసే వాళ్లం కనుక ఆ తర్వాత జరిగేది కూడా మాకు కనిపిస్తుంది. డిగ్రీ పూర్తయ్యేసరికి ఆ పిల్లవాడి దగ్గర మార్కుల మెమోలు, బోనఫైడ్ సర్టిఫికెట్లు, రెండు మూడు గైడ్లు ఉంటాయి. పరీక్షలైన మర్నాడే గైడ్లు సగం ధరకు వెనకటి తరగతి వాళ్లకు వెళ్లిపోతాయి. "ఇది నా పుస్తకం, ఫలానా కారణంతో వెతికి తెచ్చుకున్నాను" అని చూపించగల పుస్తకం చాలామంది దగ్గర ఒక్కటి కూడా ఉండదు. మనం పుస్తకాలు ఇచ్చాం. పుస్తకం ఎంచుకునే అవకాశం మాత్రం ఇవ్వలేదు.

ఈ రోజు మేము పెద్దల ముందుకు తెస్తున్న ప్రతిపాదన ఆ అవకాశం గురించే. నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం మన పిల్లలు చదివే కాలేజీలకు పెద్ద దిక్కు. ఆ రెండు గ్రంథాలయాల్లో విద్యార్థులకు ఏటా ఒక పుస్తక సేకరణ పోటీ జరపాలని మనం అడగాలి. బహుమతి సొమ్ము మన సొసైటీ ఇవ్వాలి.

పుస్తక సేకరణ పోటీ అనగానే ఎవరి దగ్గర ఎక్కువ పుస్తకాలున్నాయో లెక్కపెట్టే పోటీ అనుకుంటారు. అలా అయితే అది డబ్బున్న వాళ్ల పోటీ అవుతుంది, మనం దాని జోలికి పోనవసరం లేదు. ఇతర దేశాల్లో ఇది జరిగే పద్ధతి వేరు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరానికి దగ్గరలో స్వార్త్‌మోర్ అనే కాలేజీ ఉంది. అక్కడ ఎడ్వర్డ్ న్యూటన్ అనే పుస్తక ప్రేమికుడు 1920లలో విద్యార్థుల సొంత పుస్తకాల సేకరణలకు బహుమతి పెట్టాడు. అలాంటివి తర్వాత చాలా కాలేజీలకు పాకాయి. 2005 నుంచి ఆ కాలేజీల విజేతలందరికీ కలిపి జాతీయ పోటీ నడుస్తోంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయం 2006లో రోజ్ బహుమతి పేరుతో ఇటువంటి పోటీనే మొదలుపెట్టింది.

పద్ధతి అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. విద్యార్థి తానే సమకూర్చుకున్న పుస్తకాల పట్టిక ఇవ్వాలి. ఒక్కొక్క పుస్తకం గురించి రెండు మూడు వాక్యాలు రాయాలి. ఈ పుస్తకాలన్నిటినీ కలిపే అంశం ఏమిటి, ఎందుకు మొదలుపెట్టాను, ఎలా వెతికాను అని ఒక వ్యాసం రాయాలి. ఇంకా దొరకని, దొరికితే బాగుండుననుకునే పుస్తకాల జాబితా చాలాచోట్ల అడుగుతారు. పుస్తకాల ఖరీదు చూడరు. ఆలోచనలో పొందిక ఉందా, వెతకడంలో పట్టుదల ఉందా అన్నదే చూస్తారు. అందువల్ల పాత పుస్తకాల కుప్పలో పది రూపాయలకు దొరికిన చిన్న పుస్తకం, బంగారు అంచుల పుస్తకాన్ని గెలవవచ్చు. ఈ ఒక్క నియమం చూసే ఈ పోటీ మన పిల్లలకు సరిపోతుందని మాకు నమ్మకం కలిగింది.

ఇది పరాయి దేశపు సరదా అని ఎవరైనా అనవచ్చు. పోటీ పద్ధతి అక్కడిదే, ఆ పని మాత్రం మనకు పాతదే. ఈ ప్రాంతపు గ్రంథాలయ ఉద్యమం చూడండి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న మొదలైంది నల్లగొండ జిల్లాకు చెందిన రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. నకిరేకల్ ప్రాంతపు వట్టికోట ఆళ్వారుస్వామి పెద్ద చదువులు చదవలేదు, ఇళ్లలో, హోటళ్లలో పనిచేసి పొట్టపోసుకున్నారు. ఆయనే 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేసి, ఊరూరా తిరిగి అమ్మారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు, తెలంగాణలో కవులే లేరన్న మాట వినిపించినప్పుడు కోపంతో ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు. కవిత్వం పంపమని పిలుపునిచ్చి, వచ్చినవి కూర్చి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. సేకరణకు ఉన్న బలం అది. వాదనతో తేలని విషయాన్ని పట్టిక తేల్చింది.

మన సమాజంలోనూ ఈ పని చేసిన పెద్దలు తక్కువ కాదు. పాట్నాలో ఖుదా బఖ్ష్ గారికి తండ్రి నుంచి సుమారు 1400 చేతిరాత గ్రంథాలు వారసత్వంగా వచ్చాయి. ఆయన వాటిని దాదాపు 4000 దాకా పెంచి, 1891లో ప్రజలందరికీ గ్రంథాలయంగా తెరిచారు. అదే 1891లో మన హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లో ఈనాటికీ మన పిల్లలు పోటీ పరీక్షలకు కూర్చుని చదివే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. ఇంకా దగ్గరి కాలానికి వస్తే, హైదరాబాదులో అబ్దుస్సమద్ ఖాన్ గారు ఉర్దూ పుస్తకాలు, పత్రికలు పోగుచేసి ఉర్దూ రీసెర్చ్ సెంటర్ నెలకొల్పారు. ఆ సేకరణ తర్వాత బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. 2000 ఆగస్టు వరదల్లో ఆ గ్రంథాలయంలోకి నీళ్లు వచ్చి పుస్తకాలు తడిసినప్పుడు, వాటిని కాపాడే పనికి అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం తోడు నిలిచింది. ఒక మనిషి ఓపికగా పోగుచేసిన పాత పత్రికల విలువ సముద్రాల అవతలి వాళ్లకు తెలిసింది. మన ఇంటి సందూకులో ఉన్నదాని విలువ మనకు తెలియాలి కదా.

ఈ సందూకు మాట దగ్గర కాసేపు ఆగుదాం. నిజాం కాలంలో ప్రభుత్వ వ్యవహారం ఉర్దూలో నడిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, న్యాయం, గణితం సైతం ఉర్దూలోనే చెప్పారు. అందుకని మన రెండు జిల్లాల్లో పాత ఇళ్లలో, ముస్లిముల ఇళ్లలోనే కాదు, పట్వారీలు, వకీళ్లు, వ్యాపారుల ఇళ్లలోనూ ఉర్దూ పుస్తకాలు, కాగితాలు ఉండేవి. దాదా చదివారు. అబ్బా అక్షరాలు కూడబలుక్కున్నారు. మనవడు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివాడు, ఆ లిపి రాదు. దాదా పోయిన తర్వాత ఇల్లు సర్దుతారు. అప్పుడు ఆ పుస్తకాలకు రెండు దారులు. ఒకటి, రద్దీ కొనే వాడి తక్కెడ. రెండో దారి మంచి మనసుతో జరిగేది. ఆ లిపిలో ఉన్న కాగితమంతా ఖురాన్ కాగితమేమో, బేఅదబీ జరుగుతుందేమో అని భయపడి, మూటకట్టి బావిలోనో పారే నీటిలోనో వదులుతారు, లేదా పూడ్చిపెడతారు. పవిత్ర వాక్యాలున్న కాగితాలకు ఆ మర్యాద జరగవలసిందే. కానీ వాటితో పాటు హకీం సాబ్ మందుల పుస్తకం, ఊరి ముషాయిరాలో చదివిన గజళ్ల నోటు, భూమి వివరాలున్న ఉత్తరం, పాత పత్రిక కూడా వెళ్లిపోతాయి. ఏది ఏమిటో చదివి చెప్పే మనిషి ఇంట్లో లేకపోవడం వల్ల జరిగే నష్టం ఇది. ఒకసారి పోతే ఏ స్కాలర్‌షిప్పూ దాన్ని తిరిగి తేలేదు.

ఈ పోటీ అలాంటి ఇంట్లోని పిల్లవాడికి ఒక కారణం ఇస్తుంది. బహుమతి కోసమే కానివ్వండి, "దాదా పుస్తకాలు ఏం ఉన్నాయి?" అని అడుగుతాడు. చదవడం రాకపోతే మౌలానా సాబ్ దగ్గరికో, ఉర్దూ టీచరు దగ్గరికో తీసుకెళ్తాడు. పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం రాసుకుంటాడు. పేరు రాసుకున్న పుస్తకాన్ని తక్కెడలో వేయడం అంత తేలిక కాదు.

మన పిల్లలు ఏమేం సేకరించవచ్చు? మేము ఉపాధ్యాయులం కూర్చుని ఆలోచిస్తే చాలా తట్టాయి. కొన్ని మాత్రం చెబుతాం. పెళ్లిళ్లలో సెహ్రా రాయించి అచ్చువేసి పంచే ఆచారం మనకు ఉండేది. ఒక పట్టణంలోని సెహ్రా కాగితాలు పోగుచేస్తే ఆ ఊరి కవులు, ప్రెస్సులు, ఖాందాన్లు అన్నీ బయటికి వస్తాయి. యునానీ వైద్యం మీద చిన్న పుస్తకాలు ఒక సేకరణ. ఖురాన్ తెలుగు అనువాదాలు ఇంకొకటి. చిలుకూరి నారాయణరావు గారి వంటి ముస్లిమేతర పండితుడు ఆ పనికి పూనుకున్నారని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తెలుగులో రాస్తున్న ముస్లిం కవులు, కథకుల పుస్తకాలు మరొకటి. నల్లగొండ జిల్లాకు చెందిన స్కైబాబా సంపాదకత్వంలో 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. ఆ రెంటినీ మొదటి రెండు పుస్తకాలుగా పెట్టుకుని ఒక విద్యార్థి ఎంత దూరమైనా వెళ్లవచ్చు. మతంతో సంబంధం లేనివీ ఉన్నాయి. పాలమూరు వలస కూలీల మీద వచ్చిన కథలు, పాటల పుస్తకాలు, నల్లగొండ ఫ్లోరైడు నీళ్ల మీద వచ్చిన కరపత్రాలు, నివేదికలు, వేర్వేరు కాలాల్లోని తెలుగు వాచకాలు. ఇరవై పుస్తకాలు చాలు. వెతికే చోట్లూ ఉన్నాయి. ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. రెండు మూడు వారాలు తిరిగితే కళ్లకు అలవాటవుతుంది, ధర ఆడడం కూడా వస్తుంది.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డిగ్రీ చదివే ఆడపిల్లలు మన ఇళ్లలో ఇప్పుడు పెరిగారు, సంతోషం. పెళ్లయి వెళ్లేటప్పుడు పలంగు, అల్మారా, గిన్నెలు లెక్కపెట్టి పంపుతాం. ఆమె పుస్తకాలు మాత్రం పుట్టింటి అటక మీదే ఉండిపోతాయి, తర్వాత తమ్ముడు రద్దీకి వేస్తాడు. అవి ఆమె సొత్తు అని ఎవరికీ తోచదు, ఒక్కోసారి ఆమెకే తోచదు. విశ్వవిద్యాలయం ముద్ర వేసిన పట్టిక, దాని మీద ఆమె పేరు, ఒక ప్రశంసాపత్రం ఉంటే ఆ పుస్తకాలకు ఇంట్లో గౌరవం వస్తుంది. ఆమెతో పాటు అత్తగారింటికి వెళ్తాయి. రేపు ఆమె పిల్లలకు మొదటి గ్రంథాలయం అదే అవుతుంది. వంద మందికి పుస్తకాలు పంచినా రాని ఫలితం ఈ ఒక్క అల్మారా వల్ల రావచ్చు.

ఇక పెద్దలు అడగబోయే ప్రశ్నలకు వద్దాం. మొదటిది: ఫీజులకే సొమ్ము చాలడం లేదు, పుస్తకాల పోటీకి ఎక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనదే. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో ఖురాన్‌లోనే నిర్ణయమై ఉంది. పోటీలో గెలిచినవారు జకాత్‌కు హక్కుదారులే అయి ఉండాలని లేదు. కాబట్టి జకాత్ నుంచి ఒక్క రూపాయి దీనికి ముట్టకూడదు. స్కాలర్‌షిప్పుల పద్దు నుంచి కూడా తీయవద్దు. దీనికని విడిగా ఇచ్చే అతియా మీదే ఇది నడవాలి, దాని ఖాతా విడిగా ఉండాలి, లెక్క ఏటా ఈ సంచికలోనే అచ్చవ్వాలి. మనిషి పోయిన తర్వాత కూడా ఆగకుండా పుణ్యం చేరే పనుల్లో ఉపయోగపడే జ్ఞానం ఒకటని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. తల్లిదండ్రుల పేరు మీద ఇసాలె సవాబ్ చేయదలచిన వాళ్లకు ఇది మంచి మార్గం.

రెండో ప్రశ్న: అన్నీ ఫోనులో దొరుకుతుంటే కాగితం పుస్తకం ఎందుకు? ఫోనులో చదవడాన్ని మేము కాదనం, మేమూ చదువుతాం. కానీ ఫోనులో ఉన్నది ఎవరో ఒకరు ఎక్కించినది. దేవరకొండ పెళ్లిలో పంచిన సెహ్రాను ఎవరూ ఎక్కించలేదు. ముందు అది దొరకాలి, దాన్ని ఒకరు దాచాలి, అప్పుడే ఫోనులోకి ఎక్కేది.

మూడో ప్రశ్న: ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో పుస్తకాలు ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు మాటలతో జవాబు చెబితే సరిపోదు. అందుకే పోటీకి పేరిచ్చిన ప్రతి పేద విద్యార్థికి మూత, తాళం ఉన్న ఒక రేకు పెట్టె ఇవ్వాలని మా సూచన. వాన నీరు, చెదలు, చిన్న పిల్లలు, ఈ మూడింటి నుంచి పుస్తకాన్ని కాపాడేది అదే.

వివరాలు ఇలా ఉండవచ్చు. రెండు విశ్వవిద్యాలయాల్లోనూ, వాటి అనుబంధ కాలేజీల్లోనూ డిగ్రీ, పీజీ, బీఎడ్ చదివే వారందరికీ, ఏ మతం వారికైనా ప్రవేశం ఉండాలి. మన పిల్లలు అందరితో పోటీపడి గెలవడమే గెలుపు. మన సొసైటీ పేరు కూడా అందరి ఇళ్లకూ చేరుతుంది. పన్నెండు నుంచి ముప్పై దాకా పుస్తకాలు ఉండాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ ఏ భాషయినా సరే. పాఠ్యపుస్తకాలు, గైడ్లు లెక్కలోకి రావు. పాత వాచకాల మీద సేకరణ చేసే వాళ్లకు మాత్రం సడలింపు. ప్రతి పుస్తకానికీ రచయిత, పేరు, అచ్చయిన చోటు, సంవత్సరం, తనకు ఎక్కడ దొరికింది, ఎంత పెట్టి కొన్నారు, ఈ ఆరు వివరాలు రాయాలి. ఇంట్లోని పాత పుస్తకమైతే అది ఎవరిదో రాయాలి. నాలుగు పేజీల వ్యాసం, దొరకవలసిన అయిదు పుస్తకాల జాబితా జతచేయాలి. న్యాయనిర్ణేతలుగా గ్రంథాలయాధికారి, ఒక తెలుగు అధ్యాపకులు, ఒక ఉర్దూ అధ్యాపకులు ఉంటే చాలు. దాతల బంధువుల పిల్లలు పాల్గొనవచ్చు, కానీ నిర్ణయంలో దాతలకు చోటు ఉండకూడదు.

తేదీలు కూడా మనకు అనుకూలంగా ఉన్నాయి. నవంబరు 11 మౌలానా అబుల్ కలాం ఆజాద్ పుట్టినరోజు, జాతీయ విద్యా దినోత్సవం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. 11న ఫలితాలు చెప్పి, వారోత్సవాల్లో గెలిచిన సేకరణలను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ప్రదర్శించవచ్చు. ప్రదర్శన అయ్యాక పుస్తకాలు విద్యార్థికే తిరిగి వెళ్లాలి. పట్టిక, వ్యాసం మాత్రం గ్రంథాలయంలో ఉండిపోవాలి. పదేళ్లయితే ఈ రెండు జిల్లాల ఇళ్లలో ఏ పుస్తకాలున్నాయో చెప్పే దస్త్రం తయారవుతుంది. రేపు పరిశోధన చేసే వాళ్లు ముందు దాన్నే అడుగుతారు.

ఖర్చు. ఒక్కొక్క విశ్వవిద్యాలయంలో మొదటి బహుమతి 10,000 రూపాయలు, రెండోది 6,000, ప్రోత్సాహక బహుమతులు మూడు, ఒక్కొక్కటి 3,000. మొత్తం 25,000. రెండు చోట్లకూ కలిపి ఏడాదికి 50,000 రూపాయలు. రేకు పెట్టెలకు, ప్రదర్శనకు విడిగా చూసుకోవాలి. ఒక్కరే ఇవ్వనవసరం లేదు. ఒక్కొక్క బహుమతిని ఒక్కొక్క కుటుంబం తీసుకోవచ్చు. మా ఉపాధ్యాయుల వంతుగా విద్యార్థులకు పట్టిక రాయడం నేర్పే పని, పాత ఉర్దూ పుస్తకాల పేర్లు చదివిపెట్టే పని సెలవు రోజుల్లో మేము చేస్తాం. దానికి సొమ్ము అక్కర్లేదు.

రెండు విశ్వవిద్యాలయాల అధికారులకు ఇవ్వవలసిన లేఖ ముసాయిదా కార్యవర్గానికి అందజేస్తున్నాం. వాళ్లు ఒప్పుకోవడానికి సమయం పట్టవచ్చు. ఆ లోపు ఇక్కడున్న ప్రతి ఒక్కరూ చేయగలిగిన పని ఒకటి ఉంది. ఇంటికి వెళ్లాక అటక మీది మూట, మంచం కింది సందూకు ఒకసారి తెరవండి. చదవలేని పుస్తకం కనబడితే పారేయకండి, బావిలో వేయకండి. పక్కన పెట్టి మాకు కబురు చేయండి. అది ఏమిటో చదివి చెబుతాం. పవిత్రమైనదైతే దాని మర్యాద దానికి చేద్దాం. మిగతాది మీ ఇంట్లో చదువుకునే బిడ్డ చేతిలో పెట్టండి.

మన పిల్లల చదువును, వాళ్ల చేతిలోని పుస్తకాన్ని అల్లాహ్ దీవించుగాక. ఆమీన్. సెలవు.